సువాసన గులాబీల సంకరణం: పిల్లమొక్కల్లో వాసన ఎందుకు రావడం లేదు?

తొలిమొగ్గ:

అందరికీ నమస్కారమండి. సువాసన గులాబీలను గింజ నుంచి తయారుచేసే పనిలో మూడు నాలుగు చోట్ల చిక్కుపడింది. చేసిన పద్ధతి ఉన్నదున్నట్టు రాస్తున్నాను, తప్పు ఎక్కడుందో చెప్పండి.

తల్లి మొక్క ఫ్రాగ్రెంట్ క్లౌడ్ అనే సువాసన రకం. తండ్రి మొక్క పూలగుత్తుల కోసం పెంచే ముదురు ఎరుపు రకం: పొడుగు మొగ్గ, దళసరి రెక్క, వాసన మాత్రం లేదు. తల్లి వాసన, తండ్రి ఆకారం కలవాలన్నది ఆలోచన. ఉదయం 9 గంటలకు సగం విచ్చిన పూలు ఎంచుకుని, రెక్కలూ కేసరాలూ తీసేసి, వెంటనే తండ్రి పుప్పొడి రాయడం జరిగింది. 20 పూలకు రాస్తే 6 కాయలు నిలిచాయి. మిగతావి మూడో వారంలోపు పసుపుబారి రాలిపోయాయి.

6 కాయల్లో కలిపి 41 గింజలు. నీళ్ళలో వేస్తే 17 తేలాయి, వాటిని పారేశాను. మునిగిన 24 గింజల్ని నేరుగా కోకోపీట్‌లో నాటితే రెండు నెలల్లో 5 మొలిచాయి. ఒకటి నారుకుళ్ళుతో పోయింది. మిగిలిన 4 ఇప్పుడు తొలిపూత పూశాయి. పువ్వుకు 8 నుంచి 12 రెక్కలు, వాసన అసలు లేదు.

తల్లిదండ్రుల ఎంపికే తప్పా? పిందెలు అంతగా రాలడానికి కారణం ఏమిటి? మొలక శాతం పెరగాలంటే ఏం చేయాలి? ఈ 4 మొక్కల్ని ఇక తీసేయవచ్చా?

కేసరం:

తొలిమొగ్గ గారూ, ఆ నాలుగింటినీ తీసేయకండి. వాసన సంగతి నాకంటే బాగా చెప్పగలవాళ్ళు ఇక్కడ ఉన్నారు, నేను పుప్పొడి పని వరకే రాస్తాను.

మీరు రాసినదాంట్లో అసలు లోపం "సగం విచ్చిన పూలు" అన్న మాటలోనే ఉంది. పువ్వు సగం విచ్చేసరికి లోపల పుప్పొడి తిత్తులు కొన్ని పగిలిపోయి ఉంటాయి. నేటి తోట గులాబీల్లో చాలా రకాలు తమ పుప్పొడితోనే తాము గింజ కట్టగలవు. అంటే మీ 41 గింజల్లో కొన్ని సంకరం కానే కాకపోవచ్చు, ఫ్రాగ్రెంట్ క్లౌడ్ సొంత సంతానమే కావచ్చు. అలాంటివి తరచూ నీరసంగా పెరుగుతాయి, మొలకలోనే చాలా పోతాయి.

పట్టుకోవలసిన దశ ఇది: రక్షక పత్రాలు కిందికి వంగి ఉండాలి, బయటి ఒకటి రెండు రెక్కలు మాత్రమే వదులవ్వాలి, మధ్యభాగం ఇంకా గట్టిగా బిగిసి ఉండాలి. మర్నాడు పొద్దున విచ్చుకుంటుందనిపించే మొగ్గను ముందురోజు సాయంత్రమే పట్టుకోండి. రెక్కలన్నీ గుప్పిట్లో పట్టి మెలితిప్పకూడదు. ఒక్కొక్క రెక్కను అడుగున పట్టుకుని పక్కకు లాగాలి. గోరంత రెక్క ముక్క మిగిలినా అది కుళ్ళుతుంది, దాని మీద పెరిగిన బూడిదరంగు బూజు పిందెలోకి దిగుతుంది. పిందెలు రాలడానికి అదీ ఒక కారణం.

తరువాత కేసరాలను సన్నమొన పట్టకారుతో కాడతో సహా తీయండి. ఆ సమయానికి తిత్తులు నున్నగా, మూసుకుని ఉండాలి. భూతద్దంలో చూసినప్పుడు ఒక్క తిత్తి మీద పొడి కనిపించినా ఆ పువ్వును సంకరానికి వాడొద్దు.

రెండో లోపం, వెంటనే పుప్పొడి రాయడం. బిగిసి ఉన్న మొగ్గలో కీలాగ్రాలు పొడిగా ఉంటాయి, పుప్పొడి నిలవదు. 12 నుంచి 24 గంటలు ఆగితే అవి మెరుస్తూ జిగురుగా కనిపిస్తాయి. అప్పుడు మెత్తటి కుంచెతోనో శుభ్రమైన వేలితోనో రాయండి. మర్నాడు మరోసారి రాస్తే గింజల సంఖ్య పెరుగుతుంది. తండ్రి మారిన ప్రతిసారీ కుంచె మార్చాలి, లేదా స్పిరిట్‌లో కడిగి పూర్తిగా ఆరనివ్వాలి. తడి కుంచె పుప్పొడిని చంపేస్తుంది.

తండ్రి పుప్పొడిని కూడా ఇదే దశ మొగ్గ నుంచే సేకరించాలి. తిత్తుల్ని కాగితం మీద పరిచి, గాలి వీచని నీడలో 12 నుంచి 24 గంటలు ఉంచితే అవి పగిలి పసుపు పొడి రాలుస్తాయి. నిల్వ చేయాలంటే సిలికా జెల్ పొట్లంతో బిగుతు మూత డబ్బాలో పెట్టండి. ఫ్రిజ్‌లో రెండు మూడు వారాలు, ఫ్రీజర్‌లో నెలల తరబడి పనికొస్తుంది. ఫ్రీజర్ నుంచి తీసిన డబ్బాను గది వేడికి వచ్చేదాకా తెరవకండి. చల్లటి పొడి మీద గాలిలోని తేమ పేరుకుంటే అంతా పాడవుతుంది.

పుప్పొడి బతికుందో లేదో ముందే తెలుసుకోవచ్చు. 100 మి.లీ. నీళ్ళలో 10 నుంచి 15 గ్రాముల పంచదార, 10 మిల్లీగ్రాముల బోరిక్ ఆమ్లం కరిగించి, ఆ ద్రావణం చుక్కలో పొడి చల్లి, ఆరిపోకుండా మూసిపెట్టండి. 20 నుంచి 25 డిగ్రీల సెల్సియస్ దగ్గర మూడు నాలుగు గంటలకు సూక్ష్మదర్శినిలో చూస్తే బతికున్న రేణువులకు తోకలా గొట్టం మొలిచి ఉంటుంది. గొట్టం పొడవు రేణువు వెడల్పును మించితేనే లెక్కలోకి తీసుకోండి. వందలో పది కూడా మొలవని తండ్రితో 20 పూలు వృథా చేసుకోవడం ఎందుకు?

వాతావరణం మాట. పగటి వేడి 18 నుంచి 26 డిగ్రీల మధ్య ఉండే రోజులే మంచివి. 32 దాటితే జిగురు త్వరగా ఆరిపోతుంది, పుప్పొడి గొట్టం అండాశయం దాకా చేరదు. రాసిన కొన్ని గంటల్లో వాన పడితే మళ్ళీ రాయాలి. రెక్కలు తీసేసిన పువ్వు మీదికి తేనెటీగలు అంతగా రావు, అయినా రెండు రోజులు కాగితపు సంచి తొడగడం మేలు. ప్లాస్టిక్ సంచి వద్దు, లోపల ఆవిరి పట్టి బూజు వస్తుంది.

చీటీ మీద "తల్లి × తండ్రి, తేదీ" పెన్సిల్‌తో రాయండి. పెన్ను సిరా ఎండకు వెలిసిపోతుంది.

పాతపరిమళం:

కేసరం గారు పనితనం చెప్పారు. తొలిమొగ్గ గారి మొదటి ప్రశ్న ఎంపిక గురించి కాబట్టి అక్కడికి వస్తాను. ఎంపికలో సగం తప్పుంది, ఆ సగం తండ్రి వైపుది.

"తల్లి వాసన, తండ్రి ఆకారం" అన్న లెక్క గులాబీలో కుదరదు. వాసన ఒక్క జన్యువు పని కాదు. రెక్కల పైపొర కణాల్లో పదుల రకాల పదార్థాలు తయారవుతాయి, ఒక్కోదానికి వేరు వేరు దారి. సంప్రదాయ గులాబీ వాసనకు ముఖ్యమైనవి జెరానియోల్, సిట్రోనెల్లోల్, నెరోల్, 2-ఫినైల్ ఇథనాల్. డమాసినోన్ అనే పదార్థం గులాబీ తైలంలో 1 శాతం కూడా ఉండదు, కానీ ముక్కుకు తెలిసే వాసనలో దాని వాటా చాలా పెద్దది. ఇన్ని దారుల్లో ఒకటి రెండు మూసుకుపోయినా వాసన పలచబడుతుంది.

దీనికి చక్కటి ఉదాహరణ 2015లో వచ్చింది. వాసన దట్టంగా ఉండే పాపా మెయ్యాఁను, వాసన లేని రూజ్ మెయ్యాఁతో పోల్చి చూస్తే, ఎన్‌యూడీఎక్స్1 అనే జన్యువు మొదటిదాని రెక్కల్లో చురుగ్గా పనిచేస్తోంది, రెండోదాంట్లో దాదాపు నిద్రపోతోంది. జెరానియోల్ తయారీకి గులాబీ వాడే దారి ఇదే. మిగతా చాలా మొక్కల్లో ఈ పని వేరే రకం ఎంజైము చేస్తుంది. పూలగుత్తుల రకాలను తరాల తరబడి నిల్వకాలం, రవాణా తట్టుకోవడం, కాడ పొడవు చూసి ఎంచుకున్నారు, వాసన కోసం పెద్దగా ఎంచలేదు. అందుకే అలాంటి తండ్రి దగ్గర పిల్లలకివ్వడానికి వాసన జన్యువుల పనిచేసే ప్రతులు తక్కువ. మీ తల్లి మొక్క ఇచ్చేది సగమే. నాలుగు పిల్లల్లో వాసన కనిపించలేదంటే ఆశ్చర్యం లేదు.

వాసన ఉన్న రెండింటిని కలిపినా పిల్లలన్నిటికీ వాసన రాదు. చాలావాటికి పలచటి వాసన వస్తుంది, కొన్నింటికి అసలు రాదు, ఏ కొద్దింటికో తల్లిదండ్రుల్ని మించి వస్తుంది. అరుదుగా వాసన లేని జంట నుంచి కూడా పరిమళం పుడుతుంది, ఎందుకంటే ఒకదానిలో మూసుకున్న దారి రెండోదానిలో తెరిచి ఉండొచ్చు. అయినా దాని మీద ఆశ పెట్టుకుని పని మొదలుపెట్టకూడదు.

వంశం చూసి ఎంచుకోవడమే నమ్మదగిన పద్ధతి. క్రైస్లర్ ఇంపీరియల్ × షార్ల్ మలెరిన్ అన్న ఒకే జోడీ నుంచి పాపా మెయ్యాఁ, మిస్టర్ లింకన్, ఓక్లహోమా మూడూ వచ్చాయి. ఒకటి 1963లో, మిగతా రెండూ 1964లో. మూడూ ముదురు ఎరుపు, మూడూ గాఢమైన వాసన. మంచి జోడీ దొరికితే ఒక్క సంకరం నుంచే ఎన్ని వస్తాయో దీన్నిబట్టి తెలుస్తుంది. మీ ఫ్రాగ్రెంట్ క్లౌడ్ కూడా తల్లిగా గొప్పది. 1970 నాటి అలెక్స్ రెడ్, 1972 నాటి జస్ట్ జోయీ రెండింటికీ తల్లి అదే. కాబట్టి తల్లిని మార్చకండి, తండ్రినే మార్చండి. డబుల్ డిలైట్, మిస్టర్ లింకన్, టిఫనీ, సట్టర్స్ గోల్డ్ లాంటివి దొరికితే వాటి పుప్పొడి పరీక్షించి, బతుకు ఎక్కువున్నదాన్ని వాడండి.

ఇంకో మాట గట్టిగా చెప్పాలి. పది జోడీలు, ఒక్కోదానికి పది గింజలు అన్న పద్ధతి వాసన విషయంలో పనికిరాదు. ఒకే జోడీ, రెండు వందల గింజలు కావాలి. వాసన, ఆకారం, తెగులు తట్టుకోవడం మూడూ ఒకే మొక్కలో కలవాలంటే ఆ మాత్రం సంఖ్య లేకుండా కుదరదు.

వాసన రకం కూడా చూసుకోండి. టీ గులాబీల వాసన 3,5-డైమెథాక్సీటాలుయీన్ నుంచి వస్తుంది, అది చైనా గులాబీల వారసత్వం. మిర్ (బోళం) వాసన అనేది 4-మెథాక్సీస్టైరీన్ వల్ల. పసుపు పూలలో వయొలెట్ పువ్వును తలపించే వాసన, కెరోటినాయిడ్లు అనే రంగు పదార్థాలు విరిగితే పుట్టే అయొనోన్ల నుంచి వస్తుంది. టీ వాసన తండ్రిని వాడి డమాస్క్ (సంప్రదాయ గులాబీ) వాసన కోసం ఎదురుచూడటం వృథా. ఇక మస్క్ గులాబీల వాసన చాలావరకు కేసరాల్లో ఉంటుంది, రెక్కల్లో కాదు. వాటి సంతానంలో రెక్కలు పెరిగేకొద్దీ కేసరాలు రెక్కలుగా మారిపోతాయి, దాంతో వాసన తగ్గిపోతుంది. ఆ వాసన కావాలంటే అయిదు రెక్కలు లేదా పది పదిహేను రెక్కల పూలతో తృప్తిపడాలి.

మారాకు:

గింజల గురించి నేను రాస్తాను. 24 నాటితే 5 మొలవడం, చల్లదనం చూపించకుండా నాటినదానికి తక్కువేమీ కాదు.

కాయ పండే దాకా ఆగారా? పుప్పొడి రాసిన నాటి నుంచి సుమారు నాలుగు నెలలు పడుతుంది. ఆకుపచ్చ పోయి నారింజ లేదా ఎరుపు తిరగాలి, కొన్ని రకాల్లో పసుపు దగ్గరే ఆగుతుంది. కోశాక కాయ నడుము చుట్టూ పైపైన గాటుపెట్టి విప్పండి, లోతుగా కోస్తే గింజ తెగుతుంది. లోపలి నూగు చర్మానికి దురద పుట్టిస్తుంది, చేతులకు తొడుగులు వేసుకోండి. గుజ్జు ఏమాత్రం మిగలకుండా కడగాలి.

గింజ పెంకులోనూ లోపలా మొలకను ఆపే అబ్సిసిక్ ఆమ్లం ఉంటుంది. తడి, చల్లదనం రెండూ కలిసి కొన్ని వారాలు ఉంటేనే ఆ నిరోధం సడలుతుంది. పొడి గింజను ఫ్రిజ్‌లో పెడితే ప్రయోజనం లేదు. 24 గంటలు నీళ్ళలో నానబెట్టి, 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను అంతే నీళ్ళతో పలచన చేసి అందులో ఒక గంట ఉంచి, పిండితే నీరు కారనంత తడి ఉన్న, కుండీల్లో వాడే తేలిక ఖనిజమైన వర్మిక్యులైట్‌తో కలిపి జిప్ సంచిలో వేయండి. 2 నుంచి 5 డిగ్రీల దగ్గర 8 నుంచి 10 వారాలు ఉంచాలి. గడ్డకట్టే అరలో పెట్టొద్దు. వారానికోసారి తెరిచి చూడండి. బూజు కనిపిస్తే కడిగి, వర్మిక్యులైట్ మార్చండి. కొన్ని సంచిలోనే వేరు పొడుస్తాయి, అవి కనిపించిన రోజే నాటేయాలి.

నాటే లోతు 1 సెం.మీ., ఎడం 3 సెం.మీ. చాలు. కోకోపీట్, పెర్లైట్ (తెల్లటి తేలిక రాతి గుళికలు) సమపాళ్ళలో కలిపితే నీరు నిలవదు. నాటాక 15 నుంచి 20 డిగ్రీలు ఉండాలి. ఇక్కడే చాలామంది పొరబడతారు: మొలక రావడం లేదని తట్టను వెచ్చటి చోటికి మారుస్తారు. 25 దాటితే గింజ తిరిగి నిద్రలోకి పోతుంది, మళ్ళీ చల్లదనం చూపించాల్సిందే. మొదటి ఏడు మొలవని తట్టను పారేయకండి, రెండో చలికాలం తరువాత మొలిచేవి ఉంటాయి. అన్నీ బాగా చేసినా నూటికి 20 నుంచి 40 మొలిస్తే మంచి ఫలితమే, జోడీని బట్టి అది ఎటైనా మారుతుంది.

నారుకుళ్ళుకు మందు కంటే నీటి పద్ధతే ముఖ్యం. పైపొర ఆరాక అడుగు నుంచి నీరు పీల్చుకోనివ్వండి. పైన అరసెంటీమీటరు పెర్లైట్ చల్లితే కాండం మొదలు పొడిగా ఉంటుంది. మూత పెట్టి ఉంచితే మొలక కనిపించిన రోజే తీసేయాలి. రెండు మూడు మారాకులు వచ్చాక 10 సెం.మీ. కుండీలోకి మార్చి, ఎరువు నాలుగో వంతు గాఢతతో మొదలుపెట్టండి.

తేలిన 17 గింజల్ని పారేయడం మాత్రం నష్టమే. గింజ పెంకులో గాలి ఉన్నా తేలుతుంది. తేలినంత మాత్రాన లోపల పిండం లేదని చెప్పలేం.

కేసరం:

మారాకు గారూ, నీటి పరీక్షను పూర్తిగా కొట్టిపారేయలేం. తేలినవాటిలో మొలకలు తక్కువగానే వస్తాయి. వందల గింజలున్నప్పుడు మునిగినవీ తేలినవీ వేరువేరు తట్టల్లో వేసి, మంచి చోటు మునిగినవాటికి ఇవ్వడం సమంజసం. 41 గింజలే ఉన్నప్పుడు మాత్రం మీ మాటే సరైనది, అన్నీ నాటాలి.

పిందె రాలడం గురించి ఒకటి మరిచాను. సన్నటి, వాలిపోయే కాడల మీద రాయకండి. కాయ నాలుగు నెలలు మోయాలి, పెన్సిల్ మందం కొమ్మయితే నిలుస్తుంది. రాసిన తరువాత నత్రజని ఎక్కువైన ఎరువు వేస్తే మొక్క చివుళ్ళ మీదికి మళ్ళి పిందెల్ని వదిలేస్తుంది. నీటి ఎద్దడి వచ్చినా అంతే.

తొలిమొగ్గ:

చాలా స్పష్టంగా చెప్పారు, అందరికీ కృతజ్ఞతలు. తండ్రిని మారుస్తాను. ఇంకో సందేహం: ఏడాదికి ఒక్కసారే పూసే పాత డమాస్క్ గులాబీ పుప్పొడిని నేరుగా ఫ్రాగ్రెంట్ క్లౌడ్ మీద రాస్తే ఆ వాసన వస్తుందా? రూగోసా అనే జాతి గులాబీది కూడా మంచి వాసనే కదా, దాన్ని వాడొచ్చా?

పాతపరిమళం:

రెండింటి సమస్యలూ వేరు.

డమాస్క్‌కు 28 క్రోమోజోములు, మీ ఫ్రాగ్రెంట్ క్లౌడ్‌కూ అంతే. గింజ కట్టడానికి అడ్డేమీ లేదు. చిక్కంతా పూతకాలంలో ఉంది. విడతలు విడతలుగా పూసే గుణం వెనకబడిన గుణం, అంటే జన్యువు ప్రతులన్నీ అదే రకమైతేనే బయటపడుతుంది. మొదటి తరం పిల్లలన్నీ డమాస్క్ లాగే ఏడాదికి ఒక్కసారే పూస్తాయి, అదీ రెండో ఏడో మూడో ఏడో. తొలి ఏడు పూయలేదని వాటిని తీసేసేవాళ్ళు ఉన్నారు, అలా చేస్తే పనంతా నేలపాలే.

ఆ పిల్లల్ని మళ్ళీ విడతలుగా పూసే సువాసన రకంతో కలిపితే ఆరింట ఒకటి విడతలుగా పూస్తుంది. అదే పిల్లల్ని తమలో తాము కలిపితే ముప్పై ఆరింట ఒకటే. 28 క్రోమోజోములంటే ఏడేసి చొప్పున నాలుగు వరసలు, అంటే ఒక్కో జన్యువుకు నాలుగు ప్రతులు; వాటిలో ఒక్కో గింజకు రెండేసి ప్రతులు అందడం వల్ల వచ్చే లెక్క ఇది. 95 శాతం భరోసాతో కనీసం ఒక మొక్క దొరకాలంటే మొదటి దారిలో 17 పిల్లమొక్కలు చాలు, రెండో దారిలో 107 కావాలి. ఆ దొరికిన ఒక్కదానికి వాసన కూడా ఉండాలి కదా, కాబట్టి మొదటి దారిలోనైనా వందకు తగ్గకుండా పెంచండి, విడతలుగా పూసేవి పదహారు దాకా దొరుకుతాయి. 1961 నాటి కాన్‌స్టన్స్ స్ప్రై దీనికి సరైన ఉదాహరణ. పాత గాలికా గులాబీ బెల్ ఇసిస్‌ను విడతలుగా పూసే డెయింటీ మెయిడ్‌తో కలిపితే వచ్చింది. చక్కటి మిర్ వాసన ఉంది, పూత మాత్రం ఏడాదికి ఒక్కసారే. విడత పూత కోసం దాన్ని మళ్ళీ విడతలుగా పూసే రకాలతో మరో తరం కలపాల్సి వచ్చింది.

రూగోసాకు 14 క్రోమోజోములే. 28 ఉన్న మొక్కతో కలిపితే పిల్లలకు 21 వస్తాయి. అవి బలంగా పెరుగుతాయి, పూస్తాయి, కానీ చాలావాటికి గింజ కట్టదు, పుప్పొడి బతుకు తక్కువ. అక్కడితో వంశం ఆగిపోయే ప్రమాదం ఉంది. పట్టుదల ఉంటే 21 క్రోమోజోముల మొక్క పుప్పొడినే 28 ఉన్న తల్లి మీద విరివిగా రాయండి. బతికున్న ఆ కొద్ది రేణువుల నుంచి ఏ నాలుగు గింజలో వస్తే దారి మళ్ళీ తెరుచుకుంటుంది. చైనా, టీ గులాబీల్లో చాలావాటికి కూడా 14 అని గుర్తుంచుకోండి.

రేకువాసన:

ఆ 4 మొక్కల గురించి ఇంకా ఎవరూ పూర్తిగా చెప్పలేదు. వాసన తూచడంలోనే ఎక్కువ మంచి మొక్కలు పోతాయి, అందుకని కాస్త వివరంగా రాస్తున్నాను.

విడతలుగా పూసే జాతి పిల్లలు మొలిచిన 6 నుంచి 10 వారాల్లోనే తొలిమొగ్గ వేస్తాయి. అప్పటికి మొక్క జానెడు కూడా ఉండదు. రెక్కలు సన్నగా, సంఖ్యలో తక్కువగా ఉంటాయి. వాసన తయారయ్యేది రెక్కల్లో, రెక్కలే సగం లేనప్పుడు వాసన ఎక్కడి నుంచి వస్తుంది? ఎదిగిన మొక్కలో రెక్కలు రెండింతలు కావడం మామూలే. తొలిపూతలో రంగు చూడండి, బూడిద తెగులు చూడండి, వాసన రాయకండి. మూడో విడత నుంచి రాయడం మొదలుపెట్టండి.

ఎప్పుడు చూడాలన్నది కూడా ముఖ్యమే. మంచు ఆరాక, ఎండ ముదరకముందు, గాలి లేని వెచ్చటి పొద్దున. చలిగా, మబ్బుగా ఉన్న రోజు వాసన పదార్థాలు ఆవిరి కావు. మధ్యాహ్నపు వడగాలిలో వచ్చినది వచ్చినట్టే పోతుంది. పువ్వు మూడో వంతు నుంచి సగం విచ్చిన దశలో ఉండాలి. పూర్తిగా విచ్చి రెండు రోజులైన పువ్వును చూసి తీర్పు చెప్పకండి.

పలచటి వాసన ఉందో లేదో తేలకపోతే పువ్వును కోసి, ఏ వాసనా లేని శుభ్రమైన గాజు గ్లాసులో బోర్లించి మూతపెట్టి పది నిమిషాలు గది వేడిలో ఉంచండి. మూత తీయగానే మొదటి పీల్పులో తెలిసిపోతుంది. పెదవులతో వేడి గాలి ఊది చూడటం కూడా పనికొస్తుంది.

ముక్కు త్వరగా అలసిపోతుంది. వరసగా ఎనిమిది పదికి మించి చూడకండి. గాఢమైన పువ్వు తరువాత వచ్చే పలచటిది సున్నాగా తోస్తుంది, అందుకే పలచటివి ముందు, గాఢమైనవి చివర. మధ్యలో కాసేపు తోట బయటికి వెళ్ళి రావాలి. పేర్లు తెలియకుండా అంకెల చీటీలతో చూడండి, ఎర్రటి పువ్వు చూడగానే వాసన ఉందని మనసు ముందే అనేసుకుంటుంది. ఇద్దరు వేరువేరుగా 0 నుంచి 5 వరకు అంకె వేయాలి, మూడు వేరువేరు రోజుల్లో. మూడు రోజులూ 3 దాటితే ఆ మొక్క ఉంచదగినది. ఒక రోజు 5, రెండు రోజులు 1 వస్తే అది వాతావరణం మీద ఆధారపడే వాసన. అలాంటి రకాలు చాలా ఉన్నాయి, వాటినీ వెంటనే తీసేయనక్కర్లేదు, సంకరానికి పనికొస్తాయి.

తెగుళ్ళ మాట. పిల్లమొక్కల మడిలో తెగులు మందు కొట్టకండి. మందు కొడితే నల్లమచ్చ తెగులుకు లొంగే మొక్క, తట్టుకునే మొక్క ఒకేలా కనిపిస్తాయి. ముదురు ఎరుపు సువాసన రకాల్లో చాలావాటికి ఈ బలహీనత ఉంది. పాపా మెయ్యాఁ బూడిద తెగులుకు పేరుమోసినది. వాసన మాత్రమే చూసి ఎంచుకుంటే రెండో తరంలో ఆకులు లేని కొమ్మల మీద గొప్ప వాసన పూలు మిగులుతాయి. అయితే 5 అంకె వచ్చిన మొక్కకు మచ్చలు కొంచెం ఉన్నా నేనైతే ఉంచమనే అంటాను. తెగులు తట్టుకునే గుణాన్ని వచ్చే తరంలో ఆకు గట్టిగా ఉన్న జోడీతో తెచ్చుకోవచ్చు, అంత వాసన మాత్రం మళ్ళీ దొరకడం కష్టం.

మారాకు:

రేకువాసన గారూ, తొలిమొగ్గను పూయనివ్వడం మీద నాకు అభ్యంతరం ఉంది. గిల్లేస్తే ఆ బలం వేళ్ళకూ పక్క కొమ్మలకూ వెళుతుంది, మూడో విడత ముందుగా వస్తుంది.

రేకువాసన:

వందల మొక్కలున్నప్పుడు తొలిపూత చూడటం వల్ల లాభం ఉంది. నచ్చని రంగువి, నీరసంగా ఉన్నవి అక్కడే తీసేస్తే చోటు మిగులుతుంది. రంగు కనపడగానే పువ్వు తుంచేయండి, విచ్చి వాడిపోయేదాకా ఉంచకండి, నష్టం చాలా తగ్గుతుంది. తొలిమొగ్గ గారికి ఉన్నవి నాలుగే, ఆయన విషయంలో మీ మాట సరైనదే. ఇకమీదట వచ్చే రెండో విడత మొగ్గలు బఠాణీ గింజంత కాగానే గిల్లేయండి.

తొలిమొగ్గ గారూ, ఆ నాలుగింటినీ 20 సెం.మీ. కుండీల్లోకి మార్చి, ఆరు గంటలు ఎండ తగిలే చోట పెట్టండి. ఏదైనా ఒకదానికి మూడో విడతలో పలచటి వాసన తగిలినా, దాన్ని ఫ్రాగ్రెంట్ క్లౌడ్‌తోనే వెనక్కి కలపవచ్చు. పుప్పొడి బతుకు పరీక్షించి తండ్రిగా వాడండి, లేత మొక్క మీద కాయ పెంచొద్దు. వెనక్కి కలపడం ఒక్కసారితో ఆపాలి, రెండోసారి కూడా అదే తల్లితో కలిపితే పిల్లలు కుంగిపోతాయి. నాలుగింటికీ వాసన రాకపోతే తెగులు తట్టుకునే శక్తి చూడండి, అదీ లేకపోతే అప్పుడు తీసేయవచ్చు.

తొలిమొగ్గ:

అలాగేనండి. నాలుగింటినీ కుండీల్లోకి మారుస్తాను. వచ్చే విడత పూతకు ఫ్రాగ్రెంట్ క్లౌడ్ × డబుల్ డిలైట్ ఒక్క జోడీయే, 40 మొగ్గలకు. సాయంత్రం కేసరాలు తీసి, మర్నాడూ ఆ మర్నాడూ పుప్పొడి రాస్తాను. మూడో వారం దాటాక ఎన్ని పిందెలు నిలిచాయో ఇక్కడే రాస్తాను.